క్రిస్మస్ మేజోడు అల్లిక కిట్: ఊలు మంచిదే, ఎరుపే ముంచింది

పాలకొల్లులో మా ఇంట్లో డిసెంబర్ అంటే గుమ్మానికి కాగితం స్టారు, డబ్బా నిండా గులాబీ పువ్వులు, అంతే. ఫైర్‌ప్లేస్ దగ్గర మేజోడు వేలాడదీసి అందులో బహుమతులు పెట్టడం చికాగో వచ్చాకే చూశాను. అందరిళ్లలో ఉంది, మనకి లేదేంటని మా పాప గొడవ. రెడీమేడ్‌ది కొంటే పోయేది, అల్లడం కాస్త వచ్చు కదా అని 38 డాలర్లు పెట్టి ఈ కిట్ తెచ్చాను. కంపెనీ పేరు రాయను, ఈపాటికి రంగు సరిచేసుకున్నారేమో.

ఊలు మాత్రం బంగారం. గుచ్చుకోదు, తప్పు పోయి మూడుసార్లు విప్పినా పీచు లేవలేదు. రెండు కొనలూ మొన ఉన్న వెదురు సూదులు ఐదిచ్చారు, నాలుగింటి మీద పదహారేసి కుట్లు, ఐదోదానితో అల్లాలి. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మ చూసి, "ముళ్లపందిలా ఉందేంటే ఇది, ఒక్క కొక్కెంతో అయ్యేదానికి" అంది. ఆవిడ కొక్కెంతో అల్లే నర్సాపురం లేసు మనిషి, 2024లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతానిదేనన్న గుర్తింపు) వచ్చిందే, ఆ లేసు.

అసలు తంటా మడమ దగ్గర. 64 కుట్లలో సగం పక్కన పెట్టి, మిగతా 32 మీద అటూ ఇటూ అల్లి పలకలా చేశాక, ప్రతి వరస పూర్తవకుండానే వెనక్కి తిరుగుతూ రావాలి, అప్పుడే గిన్నెలా వంపు వస్తుంది. ఇంత పనికీ కాగితంలో రెండు లైన్లు! మంచు పువ్వుల డిజైన్‌లో వాడని రంగు దారం లోపలివైపు పోతుంటుంది కదా, ఐదు కుట్లు దాటితే మధ్యలో ఓసారి మెలేసి పట్టుకోవాలి, లేకపోతే పిల్లల వేళ్లు చిక్కుకుంటాయి. అదీ రాయలేదు. పైన 'బు' అని పాప ముద్దుపేరు వేద్దామనుకున్నా, కుట్టుకో గడి లెక్కన వేసే డిజైన్‌లో మన అక్షరాల గుండ్రాలు మెట్లు మెట్లుగా వచ్చాయి, విప్పేశాను.

సరే, అంతా అయింది. తడిపి, సాగదీసి ఆరబెట్టమన్నారని గోరువెచ్చటి నీళ్లలో వేసి పది నిమిషాల తర్వాత చూస్తే బకెట్ నిండా రాజమండ్రి రోజ్‌మిల్క్. తెల్ల పువ్వులన్నీ గులాబీ రంగు. మెయిల్ పెడితే "చల్లనీళ్లు వాడాల్సింది, కొత్త ఎరుపు ఉండ పంపుతాం" అన్నారు. మూడు వారాలు కూర్చుని అల్లేశాక ఉండ ఏం చేసుకోను? మీరు కొంటే మాత్రం మొదలెట్టక ముందే మూరెడు ఎర్ర దారం తడిపి తెల్ల గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి, గుడ్డకి అంటితే వెనక్కిచ్చేయండి.

నా రేటింగ్ ఐదుకి రెండున్నర, రెండు ఊలుకి, అర సూదులకి. మొదటిసారి అల్లేవాళ్లయితే వద్దే వద్దు.

మేజోడు పారేయలేదు. లోపల బొమ్మల బరువుకి సాగకుండా అమ్మ పాత కాటన్ చీర ముక్కతో లైనింగ్ కుట్టింది. ఊరి నుంచి తెచ్చుకున్న లేసు దారంతో ఓ మధ్యాహ్నం ఆరు నక్షత్రాలు అల్లి, గంజి పెట్టి, నా కేక్ ట్రే మీద గుండుసూదులతో బిగించి ఆరబెట్టింది. కేక్ ఇంకా చేయలేదు, ట్రే ఇవ్వనంటోంది.