పన్నెండు వేల ట్రెక్కింగ్ సామాను: ఆరేళ్ల వాడకంలో ఏది నిలిచింది, ఏది పోయింది

ఈ సామానులో కొండ మీద పాడైనవి తక్కువ, అటక మీద పాడైనవి ఎక్కువ. చవక సామాను కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే కాబట్టి సమీక్ష ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

వాడకం ఎక్కడంటే, ఎక్కువగా అల్లూరి జిల్లా మన్యంలో. కర్ణాటకలో కుమార పర్వతం లాంటి రెండు రోజుల నడకలు, వేసవిలో ఉత్తరాఖండ్ కూడా ఉన్నాయి. మంచు మీద పడుకునే చలికాలపు ట్రెక్కులకు ఈ సరంజామా చాలదు. తిండి, నీళ్లు, గ్యాసు కాకుండా మొత్తం బరువు 5.56 కిలోలు. మూడు రోజుల తిండి, రెండు లీటర్ల నీళ్లు, గ్యాసు డబ్బా కలిపినా పది కిలోలు దాటదు. కొన్నప్పటి ధరల ప్రకారం ఖర్చు పన్నెండు వేలకు నాలుగైదు వందలు తక్కువ.

అన్నిటికన్నా ముందు కొనాల్సింది 350 రూపాయల వంటింటి డిజిటల్ కాటా. గ్రాముల్లో చూపించేది, పది కిలోల దాకా తూచేది అయితే చాలు. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ తూచి ఒక కాగితం మీద రాస్తే డబ్బు ఖర్చు లేకుండానే కిలోన్నర తగ్గుతుంది. వేడి నిలిపే స్టీలు వాటర్ బాటిల్ ఖాళీగానే 300 గ్రాములు దాటుతుంది. కూల్‌డ్రింకు వచ్చే లీటరుంపావు సీసా 35 గ్రాములు. మామూలు మినరల్ వాటర్ సీసా ఇంకా తేలికే గానీ రెండో రోజుకే నలిగి మడతల దగ్గర చిల్లులు పడుతుంది. సోడా సీసా గ్యాసు ఒత్తిడికి తట్టుకునేలా మందంగా చేసింది కాబట్టి ఏడాది వస్తుంది. జీన్సు ప్యాంటు, నూలు తువ్వాలు, రెండో జత చెప్పులు, నిండు షాంపూ సీసా, ఇవన్నీ కాటా మీద పెడితే వాటంతట అవే పక్కకి పోతాయి. టర్కీ తువ్వాలు బదులు ఒక పల్చటి తుండుగుడ్డ చాలు. తల తుడుచుకోవడానికి, వేడి గిన్నె పట్టుకోవడానికి, బురద నీళ్లు వడకట్టడానికి కూడా అదే పనికొస్తుంది.

బ్యాగు చివర్లో కొనాలి. అందరూ మొదట కొనేది అదే, తప్పు అక్కడే జరుగుతుంది. 65 లీటర్ల బ్యాగు కొంటే 65 లీటర్లూ నింపుతాం. మిగతా సామానంతా ఒక అట్టపెట్టెలో సర్ది, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. దానికి తిండి కోసం పది లీటర్లు కలిపితే మనకు కావాల్సిన సైజు. ఇక్కడ వాడింది 50 లీటర్లది, మూడు వేలది. కొన్నప్పుడు 1,480 గ్రాములు. వానతొడుగు, అదనపు పట్టీలు, వాడని లోపలి జేబు తీసేసి, పొడుగు పట్టీల చివర్లు కోసి అగ్గితో కాల్చాక 1,320. వెనక ఉండే అల్యూమినియం పట్టీ మాత్రం తీయకూడదు. తీస్తే బరువంతా భుజాల మీదకే వస్తుంది. నడుం పట్టీ కట్టుకోవాల్సింది పొట్ట మీద కాదు, తుంటి ఎముక పైఅంచు మీద. మెడ వంచితే వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి పైఅంచు దాకా టేపు పెట్టి కొలిచి, ఆ కొలత పట్టుకుని దుకాణానికి వెళ్లాలి. దుకాణంలో ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని చూడటం వృథా. ఏడెనిమిది కిలోలు నింపి పావుగంట మెట్లెక్కితే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు అటక సంగతి. చవక బ్యాగులకీ టెంట్లకీ లోపలి వైపు నీళ్లు దిగకుండా పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది. గాలిలో తేమా వేడీ ఎక్కువగా ఉంటే ఆ పూత రసాయనికంగా విచ్ఛిన్నమవుతుంది. ముందు జిగురుగా తగులుతుంది, తర్వాత పుల్లటి వాంతి వాసన, ఆపైన పొరలుగా రాలడం. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది తొందరగా మొదలవుతుంది. మొదలయ్యాక ఆపే మందు లేదు. నీడన పూర్తిగా ఆరబెట్టి, గాలాడే నూలు సంచిలో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టడమే నివారణ. స్లాబు కింద అటక మీద, ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి పెట్టారంటే దాన్ని చేజేతులా పాడుచేసుకున్నట్టే. బ్యాగు లోపలి పూత నాలుగో ఏడు పోయింది. అయినా బ్యాగు ఇంకా వాడుకలోనే ఉంది, ఎందుకంటే వాన నుంచి కాపాడేది ఆ పూత కాదు. రాలే పొరల్ని బ్రష్షుతో గోకేసి ఉతికితే సరిపోయింది.

కాపాడేది లోపల వేసే పాలిథిన్ సంచి. ప్లాస్టిక్ కవర్ల హోల్‌సేల్ దుకాణాల్లో గేజు లెక్కన అమ్ముతారు. 400 గేజు అంటే 100 మైక్రాన్లు. అది తీసుకోవాలి. నల్ల చెత్త సంచులు పల్చన, మొదటి రోజే చిరుగుతాయి. సంచిని బ్యాగు కన్నా ఒకటిన్నర అడుగు పొడుగ్గా తీసుకుని, నింపాక గాలి వదిలి, మూతి మెలిపెట్టి మడిచి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. బ్యాగు మీద వేసే వానతొడుగు మన అడవుల్లో దండగ. రేగుముళ్లకీ లాంటానా పొదలకీ చిక్కుకుని చిరిగిపోతుంది, వీపు వైపు నుంచి కారే నీళ్లని ఎలాగూ ఆపదు.

డబ్బు పెట్టాల్సిన వస్తువు ఒకటే, పైకప్పు. ఇద్దరు పట్టే చవక గుమ్మటం టెంటు రెండున్నర కిలోల దాకా ఉంటుంది. ఒక్కరే మోస్తే అదే పెద్ద బరువు. ఇక్కడ వాడింది 3 మీటర్లు × 3 మీటర్ల సిలికాన్ పూత పాలిస్టర్ గుడ్డ టార్పు, అంటే తాళ్లతో కప్పులా కట్టుకునే పట్టా, 2,800 రూపాయలు. తాళ్లు, మేకులతో కలిపి 520 గ్రాములు. సిలికాన్ పూతకి పైన చెప్పిన తేమ జబ్బు రాదు. నైలాన్ అయితే తడిస్తే సాగుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించుకోవాలి. పాలిస్టర్ పెద్దగా సాగదు. మధ్య కుట్టు మాత్రం కారింది. సిలికాన్ మీద కుట్లకి అంటించే మామూలు సీమ్ టేపు అంటుకోదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పారదర్శక సిలికాన్ సీలెంటుని మినరల్ టర్పెంటైన్‌లో రంగులా జారేంత పల్చన చేసి, కుట్టు మీద బ్రష్షుతో రాసి ఒక రోజు ఆరనిస్తే కారడం ఆగింది. గాలి ఆడే చోట చేయాలి, సిగరెట్టూ అగ్గీ దూరం. మామూలు టార్పాలిన్ పట్టా 12×9 అడుగులది, 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 90 గ్రాములు) పల్చటిదైనా 900 గ్రాములు ఉంటుంది. మొదటి ట్రెక్కుకి అదీ పనిచేస్తుంది.

టార్పుకి చెట్లో కర్రలో కావాలి. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక, ఈదురుగాలిలో అది పనికిరాదు. అక్కడికి టెంటు అద్దెకి తీసుకోవడం నయం. మన్యంలో దోమలకి ఒంటి మనిషి దోమతెర అదనంగా 350 గ్రాములు. 5.56 లెక్కలో అది లేదు.

మేకుల విషయంలో చవకే గెలిచింది. సైకిల్ దుకాణంలో పాత చువ్వలు అడిగితే ఊరికే ఇస్తారు. ఒక్కొక్కటి 6 గ్రాములు. పైన కొక్కెంలా వంచాలి. గట్టి నేలలో అల్యూమినియం మేకులు వంగిపోయిన చోట ఇవి దిగాయి. ఇసుకలో, వానకి నానిన రేగడిలో మాత్రం ఊడివస్తాయి. అక్కడ తాడుని బండరాయికి చుట్టడమే మార్గం. ఆరంగుళాల ఇనుప మేకు ఒక్కోటి 33 గ్రాములు, పది తీసుకెళ్తే ఏమవుతుందో లెక్కేసుకోండి. తాళ్లకి మేస్త్రీలు వాడే అల్లిక నైలాన్ దారం బాగుంది. ప్లాస్టిక్ తాడు ముడి నిలవదు.

పరుపుకి గాలి నింపేది వద్దు. తుమ్మముల్లు ఒక్కటి చాలు. ప్యాకింగ్ కోసం వాడే తెల్లటి ఈపీఈ ఫోమ్ 10 మిల్లీమీటర్లది, 180×50 సెంటీమీటర్ల ముక్క 250 గ్రాములు, 150 రూపాయలు. పాతిక ముప్ఫై రాత్రులకి తుంటి దగ్గర అణిగి సగం మందం అయింది. అప్పుడు మార్చేయాలి. ఇప్పటికి మూడోది నడుస్తోంది. నల్లటి క్రాస్‌లింక్డ్ ఫోమ్ కొంచెం బరువెక్కువ గానీ అంత త్వరగా అణగదు, అసలు కొనాల్సింది అదే. దాని కింద 100 మైక్రాన్ల పాలిథిన్ షీటు 2×1 మీటర్లది, 185 గ్రాములు.

స్లీపింగ్ బ్యాగు 1,800 రూపాయల సింథటిక్, 980 గ్రాములు. దాని మీద 10 డిగ్రీలు అని రాసి ఉంది. చవక బ్యాగుల మీద ఒకే అంకె వేస్తారు. అది హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రతా, ముడుచుకుని తట్టుకోగలిగే కనిష్ఠమా అన్నది చెప్పరు. రెండు అంకెలు, కంఫర్ట్, లిమిట్ అని విడిగా వేసినవే నమ్మాలి, కంఫర్ట్ అంకె చూసే కొనాలి. రాసిన అంకెకి ఐదు డిగ్రీలు కలుపుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుందని వాడకంలో తేలింది. డిసెంబరులో లంబసింగి తెల్లవారుజామున ఇదొక్కటే చాల్లేదు. ఫ్లీస్ జాకెట్, ఉన్ని టోపీ, లోపలి లైనరు కలిస్తే సరిపోయింది.

ఆ లైనరు పాత పల్చటి సిల్కు చీర. జరీ అంచు కత్తిరించి, 4.4 మీటర్ల ముక్కని సగానికి మడిచి, ఒక పక్క పూర్తిగా, రెండో పక్క పైన రెండడుగులు వదిలి కుట్టిస్తే 2.2 మీటర్ల సంచి అవుతుంది. 290 గ్రాములు. వెచ్చదనం కొద్దిగానే పెరుగుతుంది, అసలు లాభం స్లీపింగ్ బ్యాగుకి చెమట పట్టకపోవడం. సింథటిక్ బ్యాగుని ఉతికిన ప్రతిసారీ, బిగించి కట్టిన ప్రతిసారీ లోపలి దూది చచ్చిపోతుంది. ఇంట్లో దాన్ని చిన్న సంచిలో కుక్కి ఉంచకూడదు. పాత దిండు గలేబులోనో దుప్పటిలోనో వదులుగా ఉంచాలి. మార్చి నుంచి జూన్ దాకా మన కొండల్లో అసలది అక్కర్లేదు, లైనరూ ఫ్లీసూ చాలు. అక్కడికక్కడే 980 గ్రాములు మిగులు.

పొయ్యి గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. మరచుట్టు గ్యాసు డబ్బా మీద బిగించే పొయ్యి 95 గ్రాములు, 900 రూపాయలు, ఆరేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. కానీ గ్యాసు డబ్బాని విమానంలో చేతి సంచిలోనూ చెక్-ఇన్‌లోనూ తీసుకెళ్లనివ్వరు. రైల్లో మండే సామాను మోయడం రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. కాబట్టి పొయ్యి మాత్రం పట్టుకెళ్లి, డబ్బా డెహ్రాడూన్‌లోనో మనాలిలోనో కొనుక్కోవాలి. బజార్లో పొడుగ్గా ఉండే చవక డబ్బాల్లో ఎక్కువ భాగం బ్యూటేన్. అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, చలి పొద్దున మంట బుడబుడమని ఆగిపోతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా తీసుకోవాలి, రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి. గాలి అడ్డానికి అల్యూమినియం ఫాయిల్ వాడితే ఒక పక్క తప్పకుండా తెరిచి ఉంచాలి. చుట్టూ మూసేస్తే డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. గాలి వీచని చోట అర లీటరు నీళ్లు మరగడానికి ఏడెనిమిది గ్రాముల గ్యాసు పడుతుంది. మూడు రోజులకి ఒక్కరికి 230 గ్రాముల డబ్బాలో సగం కూడా అవదు. గిన్నె పాత్రల కొట్లోదే, లీటరు అల్యూమినియం, పిడి లేనిది, 140 గ్రాములు.

తిండి రోజుకి 650 గ్రాములు. ఇంట్లోనే తాలింపు వేసి దోరగా వేయించిన రవ్వ 80 గ్రాములకి 220 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి ఎనిమిది నిమిషాలు వదిలితే ఉప్మా. గ్యాసు అక్కర్లేని పూటకి పల్చ అటుకులు, కారప్పొడి. పల్లీ చిక్కీ, సున్నుండలు నడకలో. వంద గ్రాముల పల్లీల్లో 560 కేలరీల పైనే ఉంటాయి, అటుకుల్లో 350 చిల్లర. అందుకే సంచిలో పల్లీల వాటా పెంచాలి. ఊరగాయ, పులిహోర పేస్టు గాజు సీసాలో వద్దు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి రెండు కవర్లు కట్టాలి. నూనె కారిందంటే స్లీపింగ్ బ్యాగుకి అది వదలదు.

నీళ్లు శుద్ధి చేసే క్లోరిన్ బిళ్లల మీద ఎన్ని లీటర్లకి ఒకటో చదవకుండా వేయకూడదు. కొన్ని ఒక లీటరుకి, కొన్ని 20 లీటర్ల బిందెకి. నీళ్లు తుండుగుడ్డలో వడకట్టి వేసి, అరగంట ఆగాలి.

సర్దడంలో అడుగున స్లీపింగ్ బ్యాగుని దాని సంచి లేకుండా కుక్కాలి, మూలలన్నీ నిండుతాయి. తిండి, గిన్నె, నీళ్లు వీపుకి ఆనుకుని నడుముకి పైన. ఫోమ్ బయటి పక్కన నిలువుగా, అడ్డంగా కడితే పొదల్లో ఇరుక్కుంటుంది. పోంచో (తల మీంచి వేసుకునే వానకోటు) అన్నిటికన్నా పైన. తడి టార్పు లోపలి సంచిలో ఎప్పుడూ పెట్టకూడదు, బయటి జేబులోనే ఉండాలి.

ఆరేళ్లలో పోయినవి: రెండు ఫోములు, వంద రూపాయల పోంచో ఒకటి (ఇప్పటిది 500 రూపాయలది, 260 గ్రాములు), బ్యాటరీలు లోపలే వదిలేసినందుకు కారి తుప్పుపట్టిన తల దీపం, మూడేళ్లు పెట్టెలో ఉండి నడుస్తుండగా అడుగు ముక్కలైన బూట్లు. బూట్లకీ బ్యాగు పూత జబ్బే, మధ్య పొర పాలీయూరిథేన్ అయితే వాడకపోయినా పొడిపొడిగా రాలిపోతుంది. ఈవీఏ అనే మరో రకం ఫోమ్ మధ్యపొర ఉన్నవి కొనాలి, ట్రెక్కుకి వారం ముందు తీసి రెండు కిలోమీటర్లు నడిచి చూడాలి. బ్యాగు జిప్పు పళ్లు పట్టకపోతే స్లైడరుని పట్టకారుతో రెండు పక్కలా కొద్దిగా నొక్కితే మరో ఏడాది వస్తుంది. నడుం పట్టీలో ఫోమ్ అణిగింది, తర్వాత మార్చేది అదే. కొత్త బ్యాగు కొనక్కర్లేదు, కుట్టు విప్పి 8 మిల్లీమీటర్ల నల్ల ఫోమ్ పెట్టించడానికి బ్యాగులు కుట్టేవాళ్లు 150 రూపాయలు అడిగారు.