మాజీ సైనికులూ, రిటైరైనప్పుడు పెన్షన్‌లోంచి ఒకేసారి చేతికొచ్చే మీ కమ్యుటేషన్ డబ్బులు ఈ "సేఫ్టీ డిప్లొమా" వాళ్ల చేతిలో పెట్టకండి

ఈ మధ్య కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ రిటైరై ఇంటికొచ్చిన జవాన్ల ఫోన్లకి ఒక మెసేజ్ తిరుగుతోంది. "మీ సైనిక అనుభవానికి ఇంటర్నేషనల్ సేఫ్టీ డిప్లొమా, నెలకి 45 వేల ఉద్యోగం గ్యారంటీ, డీజీఆర్ గుర్తింపు ఉంది" అని. డీజీఆర్ అంటే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, మాజీ సైనికుల కోసం ఉన్న రక్షణ శాఖ ఆఫీసు. నేను నమ్మి 62 వేలు కట్టాను. మీరు కట్టే ముందు ఇది చదవండి.

మాది రాజోలు దగ్గర ఊరు. ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో 17 ఏళ్లు వెహికల్ మెకానిక్‌గా చేసి హవల్దారుగా బయటికొచ్చాను. లేహ్‌లో డీజిల్ గడ్డకట్టి మొరాయించిన స్టాలియన్ బండ్లని తెల్లారేలోగా కదిలించిన చేతులివి. ఊళ్లోకొచ్చాక మాత్రం కనబడిన ప్రతివాళ్లూ "ఇకనేం, ఏ ఏటీఎం దగ్గరో సెక్యూరిటీయేగా" అనేవారు. ఆ మాట గుచ్చుకునుంది నాకు. సరిగ్గా అప్పుడే ఆ మెసేజ్ వచ్చింది.

ఆఫీసు బస్టాండు ఎదురుగా రెండో అంతస్తులో. గోడ నిండా జెండాలు, యూనిఫారాల ఫొటోలు. కూర్చున్నాయన నన్ను చూడగానే లేచి సెల్యూట్ కొట్టాడు. "హవల్దార్ సాబ్, మీలాంటివాళ్ల కోసమే పెట్టామండీ" అన్నాడు. ఆ సెల్యూట్‌కే సగం కరిగిపోయాను. కోర్సుకి 50 వేలు. ఇంకో 12 వేలు ఎందుకంటే, నేను చదివింది పదో తరగతి కాబట్టి "డిగ్రీతో సమానం" అని సర్టిఫికెట్ తెప్పిస్తారట.

ఈ 12 వేల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ని కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకి డిగ్రీ ఉన్నవాడితో సమానంగా చూడాలని ఎప్పట్నుంచో ఆదేశాలున్నాయి. టెక్నికల్ చదువు కావాలనే పోస్టులకి మాత్రం అది చెల్లదు. ఆ కాగితం మన సర్వీసు వాళ్లే ఇస్తారు, పైసా తీసుకోరు. నాకూ ఇచ్చారు. ఇంట్లో ట్రంకు పెట్టెలో, డిశ్చార్జ్ బుక్ కవరులోనే ఉంది. హిందీలో, ఇంగ్లీషులో ఉందని సరిగా చదవకుండా దాచేశాను. మా ఆవిడ పెట్టె సర్దుతూ "ఇదేంటండీ, డిగ్రీ అని ఉంది" అని తెచ్చి చూపించేసరికి డబ్బులు కట్టి రెండు నెలలైంది.

క్లాసులు మూడు నెలలన్నారు, జరిగినవి పదకొండు. చెప్పే కుర్రాడు ఫోన్‌లో చూసి చదివేవాడు. మంటలు ఆర్పే సిలిండర్ ఒకటి మూలన ఉండేది, దాన్ని ఒక్కసారీ చేతికివ్వలేదు. ఆఖర్న లామినేషన్ చేసిన సర్టిఫికెట్, దాని మీద మెరిసే స్టిక్కరు ఇచ్చారు. "గల్ఫ్‌లో రెండేళ్లు చేసినట్టు ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడా ఇస్తాం, ఇంకో 15 వేలు" అన్నారు. దొంగ కాగితం నాకొద్దని వచ్చేశాను. అలాంటి లెటర్ పట్టుకెళ్తే కేసు మన మీదే పడుతుంది.

కాకినాడలో ఒక ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. అక్కడి ఆఫీసరు సర్టిఫికెట్ తిప్పి చూసి, ఆ స్టిక్కరుని గోటితో గీకారు. ఊడి బల్ల మీద పడింది. "హవల్దార్ గారూ, సేఫ్టీ ఆఫీసరు పోస్టుకి ప్రభుత్వం గుర్తించిన డిప్లొమా ఉండాలండి. ఇది చెల్లదు" అని మెల్లిగా చెప్పారు. తర్వాత ఇంకో మాట అడిగారు, "ఇది పక్కన పెట్టండి, ఆర్మీలో మీ చేత్తో ఏం చేసేవారు?" నేను ట్రేడ్ పేరు, క్లాస్ వన్ అని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. ఎన్ని బండ్లు చూసేవాణ్ని, నా కింద ఎంతమంది, ఏ ఇంజన్లు విప్పి బిగించాను, ఇవి మామూలు మాటల్లో చెప్పడం నాకు రాలేదు. 62 వేలు తీసుకున్నవాళ్లు నేర్పాల్సింది అదొక్కటే. అదే నేర్పలేదు.

తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడిగితే అసలు సంగతి తెలిసింది.  డీజీఆర్ నడిపించే కోర్సులకి జవాన్లు, జేసీఓలు (సుబేదారు స్థాయి వాళ్లు) ఫీజు కట్టక్కర్లేదు. సర్వీసు చివర్లో యూనిట్ ద్వారానే పేరు పంపించుకోవాలి. ఎవడైనా డీజీఆర్ పేరు చెప్పి జవాను దగ్గర డబ్బు అడిగాడంటే అక్కడే అనుమానించండి. గల్ఫ్ ఉద్యోగమంటే ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. లైసెన్సున్నవాడు కూడా సర్వీసు ఛార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకి మించి తీసుకోకూడదు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. నెలన్నరకి 25 వేలు వెనక్కి ఇచ్చారు. మిగతా దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. నా దగ్గర 50 వేలకే రసీదుంది, ఆ 12 వేలకి తెల్ల చీటీ ఇచ్చారు. మీరు ఆ పొరపాటు చేయకండి, ఫోన్‌పే చేసైనా కట్టండి, చేతికి నోట్లు ఇవ్వకండి.

ఇప్పుడు రొయ్యల చెరువుల మీద జనరేటర్లు బాగుచేస్తున్నాను. రాత్రి కరెంటు పోయి నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి చెరువు చెరువంతా పోతుంది. అందుకే ఒంటిగంటకైనా ఫోనొస్తుంది, వెళ్తాను. లేహ్‌లో చేసిన పనే ఇది.

నాకు భయమంతా నాలుగేళ్లకని సైన్యంలో చేరిన అగ్నివీర్ పిల్లల గురించి. 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన మొదటి బ్యాచ్‌లకి నాలుగేళ్లు నిండితే, నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. బయటికొచ్చే పిల్లాడి చేతిలో, చివర్లో ఒకేసారి ఇచ్చే సేవానిధి సొమ్ము 11 లక్షల పైచిలుకు ఉంటుంది, వయసు పాతికేళ్లు అటూ ఇటూ. మా పక్కూరి రైతొకాయన మొన్న వాళ్లబ్బాయి కోసమని ఈ మెసేజే చూపించి "కట్టమంటావా బాబాయ్" అని అడిగాడు. వద్దన్నాను. అగ్నివీర్లకి ఇగ్నో (ఓపెన్ యూనివర్సిటీ) డిగ్రీ ఉంది, సర్వీసులో నేర్చుకున్నదానికే సగం క్రెడిట్లు ఇస్తారు, ముందు దాని సంగతి యూనిట్‌లో అడగమని అబ్బాయికి ఫోన్ చేయించాను.

ఈ సంస్థకి డబ్బు కట్టినవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే రసీదులు, మెసేజ్‌లు చెరపకుండా ఉంచండి, నాకు చెప్పండి. అందరం కలిసి ఒకేసారి ఫిర్యాదు వేద్దాం.