శిరస్త్రాణాల వెంట నాలుగు రోజులు: చీమకుర్తి నుంచి మైపాడు దాకా

గత సెప్టెంబరు చివరి వారంలో మా బావమరిదిని వెంటబెట్టుకుని, ఒంగోలులో అద్దె కారెక్కి నెల్లూరులో దిగేలా నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. పని ఒక్కటే: తలను కాచే వస్తువులను, అవి మనిషి చేసినవైనా, రాతిలో చెక్కినవైనా, కాయకో పురుగుకో పుట్టుకతో వచ్చినవైనా, ఒకే వరుసలో పెట్టి చూసుకోగలిగేలా ఫోటోలు తీయడం. కదిలించగలిగిన ప్రతి వస్తువునూ కంటి ఎత్తులో, ముప్పావు వంతు పక్కకు తిప్పి, నల్లగుడ్డ ముందు తీయాలన్నది నేను పెట్టుకున్న నియమం. పక్కపక్కన పెట్టినప్పుడు ఆకారమే మాట్లాడాలి గాని, వెనకనున్న గోడా కిటికీ మాట్లాడకూడదు.

మొదటి మజిలీ చీమకుర్తి. బంగారు రవ్వలు చల్లినట్టు మెరిసే నల్ల గ్రానైట్, వ్యాపారంలో గెలాక్సీ అని పిలిచే రాయి, ఇక్కడి క్వారీల్లోనే దొరుకుతుంది. లోపలికి ముందస్తు అనుమతి లేకుండా ఎవరినీ రానివ్వరు, రానివ్వకపోవడమే న్యాయం కూడా. బంధువొకరు మాట సాయం చేయడంతో మాకు గంటసేపు అవకాశం దొరికింది. భోజన విరామంలో రేకుల షెడ్డు గోడకు మేకులకు తగిలించిన పసుపుపచ్చ హెల్మెట్లే నాకు కావలసినవి. ఒకదాని గడ్డం పట్టీ తెగిపోతే గోనెసంచి పురికొస కట్టుకున్నారు. ఇంకొకదాని లోపల చెమట పీల్చుకోవడానికి మడతపెట్టిన తువ్వాలు ముక్క ఉంది. రాతిదుమ్ము పేరుకున్న ప్లాస్టిక్ మీద వెలుగు చెదిరి మెత్తగా పరుచుకుంటుంది కాబట్టి లైట్లతో పని పడలేదు. తెచ్చిన నాలుగు లైట్లూ కారు డిక్కీలోనే ఉండిపోవడం మా బావమరిదికి నచ్చలేదు గాని, ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి.

ఆ రాత్రి ఒంగోలులోనే ఉండిపోవడం ఈ ప్రయాణంలో నేను చేసిన పెద్ద పొరపాటు. గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, లిఫ్టు కూడా పనిచేసింది. అయితే మరునాడు టిఫిను చేసి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా భైరవకోన చేరేసరికి పదకొండు దాటింది. చంద్రశేఖరపురం మండలంలో, నల్లమల అంచున ఉన్న ఈ కోనలో ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఉత్తరానికి, మిగిలిన ఏడూ తూర్పుకు తిరిగి ఉంటాయి. తూర్పు ముఖంగా ఉన్న రాతిచెక్కడం మధ్యాహ్నం పూట ఎంత చప్పగా కనిపిస్తుందో అక్కడికి వెళ్లి నిలబడితేనే తెలుస్తుంది. ద్వారపాలకుల ముఖాలూ కిరీటాలూ ఒకే బూడిదరంగు ముద్దలా కలిసిపోయాయి. యాభై ఫోటోలు తీసి అన్నీ అక్కడికక్కడే చెరిపేసి, జలపాతం దగ్గర కాసేపు కూర్చుని, పామూరుకు తిరిగి వచ్చాము.

పామూరులో దొరికిన గదిని గురించి పొగడడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు మంచాలు, ఒక ఫ్యాను, వేడినీళ్లు కావాలంటే బకెట్టుతో కింద నుంచి తెచ్చుకోవాలి. అద్దె 700 రూపాయలు. కానీ అక్కడ పడుకున్నందువల్ల తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరగలిగాము. డ్రైవరు నిద్రమొహంతోనే, "అంత పొద్దున్నే గుడి తలుపులు కూడా తియ్యరు సార్" అన్నాడు. తలుపులతో మాకు పని లేదని చెబితే నవ్వి బండి తీశాడు.

సెప్టెంబరు చివరన సూర్యుడు దాదాపు సరిగ్గా తూర్పునే ఉదయిస్తాడు. ఎదుటి చెట్లను దాటి ఎండ గుహల మీద పడడానికి కాస్త సమయం పట్టింది గాని, పడిన తర్వాత ఓ ఇరవై నిమిషాలు మాత్రం రాయి ప్రాణం పోసుకున్నట్టే అనిపించింది. ఏటవాలు వెలుగులో ద్వారపాలకుడి తలమీది ఎత్తయిన జటామకుటం అంచులు, చెవుల పక్క వేలాడే కుండలాలు, గదమీద ఆనించిన చేయి, ఒక్కొక్కటే విడివిడిగా పైకి తేలాయి. ఉలి దెబ్బల గాట్లు కూడా కనిపించాయి. ఈ గుహలను పల్లవ శైలికి చెందినవిగా చెబుతారు. పల్లవుల గుహాలయాల్లో కొందరు ద్వారపాలకుల తలల మీద రెండు వైపులా కొమ్ముల వంటివి కనిపిస్తాయి. వాటిని కొమ్ముల శిరస్త్రాణమని కొందరు అన్నారు. కాదు, ఆ ద్వారపాలకుడు మనిషి రూపంలో ఉన్న త్రిశూలమే, తల వెనుక నుంచి పొడుచుకు వచ్చినవి శూలం పక్కమొనలని మరికొందరు పండితులు వాదించారు. తల మీద ఉన్నది తొడుగో ఆయుధమో తేల్చలేని ఆ సందిగ్ధం నాకు ఎంతో నచ్చుతుంది. నా వరుసలో రాతి కిరీటాలను ఇనుప టోపీల పక్కన పెట్టడానికి ధైర్యం ఇచ్చింది కూడా అదే. పూజారిగారు వచ్చాక అడిగి, బయటి శిల్పాలను ట్రైపాడ్ మీద మరికొన్ని తీసుకున్నాను. గర్భగుడుల వైపు కెమెరా తిప్పలేదు. కొండదగ్గర టీ, బిస్కెట్లకు మించి దొరకదు కాబట్టి నీళ్లు, తిండి వెంట తీసుకుపోవడం మంచిది.

ఉదయగిరిని తొందరగా దాటేస్తాను, ఎందుకంటే అక్కడ నా పని సగమే అయింది. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి తర్వాత 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి ప్రతిష్ఠించాడు. అన్ని నెలలు ఈ కొండ కింద గుడారాలు వేసుకున్న సైనికుల నెత్తిన ఎన్ని రకాల టోపీలు ఉండి ఉంటాయో! వాటిలో ఒక్కటీ ఇక్కడ చూడడానికి లేదు. ఎండ ముదరడంతో మేము సగం కొండ దగ్గరే ఆగి కిందికి దిగాము. ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఇళ్లు ఉన్నాయి. బోర్లించిన చెక్క గిన్నె ఒకటి నూనె పట్టిన మెరుపుతో అచ్చం చిన్న శిరస్త్రాణంలా కనిపిస్తే కొని, కారు బానెట్ మీదనే ఫోటో తీశాను. ఊరి కోసం, చెక్కపని కోసం వెళ్లేవారికి ఒక పూట చాలు. కోట చూడాలంటే మాత్రం తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టాలి.

నెల్లూరులో రెండు పనులు. మొదటిది, మిత్రుడి తాతగారి ఇంట్లో అటకమీద నుంచి దింపిన ఉక్కు టోపీ. గుండ్రని కప్పు, ముందు పైకీ కిందికీ జరిపి మరతో బిగించే ముక్కుపట్టీ, రెండు పక్కలా ఈకల తురాయి గుచ్చుకునే గొట్టాలు, మెడమీదికి వేలాడే ఇనుప ఉంగరాల వల. మొగలుల కాలం నుంచి దక్కను దాకా, పర్షియాలోనూ ఇలాంటివే వాడుకలో ఉండేవి. నిగనిగలాడే ఉక్కును ఫోటో తీయడం అద్దాన్ని ఫోటో తీయడమే. మొదటి ఫోటోలో టోపీ మీద వసారా స్తంభాలు, నా ఎర్ర చొక్కా, కెమెరా, పక్కన వంగి చూస్తున్న పెద్దాయన, అందరం వంకరగా కనిపించాము. పోలరైజర్ ఫిల్టరు నీటిమీద, గాజుమీద మెరుపును తగ్గిస్తుంది గాని, పూత లేని లోహం మీద పడిన ప్రతిబింబాన్ని మామూలు వెలుగులో అది తీసేయలేదు; ఈ సంగతి తెలియక చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. చివరికి బట్టలారేసే తాడు మీద రెండు తెల్ల పంచెలు వేలాడదీసి, వాటి వెనుక లైట్లు పెట్టి, పంచెల మధ్య చీలికలోంచి లెన్సు మాత్రం బయటికి వచ్చేలా నిలబడ్డాను. అప్పుడు టోపీ మీద పొడవైన తెల్లటి వెలుగుచార తప్ప మరేమీ మిగలలేదు. "మా పంచె కూడా మ్యూజియానికి పోతుందా నాయనా?" అని పెద్దాయన అడిగారు.

రెండవది, నాటకాల సామాను అద్దెకిచ్చే ఒక పాత దుకాణం. దుర్యోధనుడి కిరీటం భీముడి కిరీటం కంటే బరువు. అట్టకు గుడ్డ అంటించి, దానిమీద బంగారు రంగు, గాజురాళ్లు. లోపల నుదురు తగిలేచోట చెమటకు నల్లబడిన వెల్వెట్ పట్టీ. బయటి మెరుపు కంటే ఆ లోపలి పట్టీ ఫోటోయే నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది. దుకాణం ఆయన ఫోటోలకు డబ్బు తీసుకోలేదు, టీ ఇప్పించారు. ఆ రాత్రి మేము దిగిన లాడ్జిలో మాత్రం లైట్లు చూసి, గదిలో షూటింగ్ చేస్తున్నామని వెయ్యి రూపాయలు అదనంగా అడిగారు. గదిలో మేము తీసింది ఒక చెక్క గిన్నె ఫోటో. అరగంట వాదించాక 300తో సరిపెట్టుకున్నారు. సామాను ఎక్కువ ఉన్నవారు బుక్ చేసుకునేటప్పుడే ఈ విషయం అడిగి పెట్టుకోవడం మేలు. ఆ కోపాన్ని భోజనంలో చేపల పులుసు కొంత చల్లార్చింది.

నాలుగో రోజు మైపాడు, నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్లు. దారిలో ఒక కొబ్బరితోట రైతు ఎర బుట్టలో పడిన కొమ్ము పురుగులను చూపించాడు. కొబ్బరి మొవ్వను తొలిచి చెట్టును చంపే ఈ పురుగు ఆయనకు శత్రువు. జపాను వారు ఇలాంటి కొమ్ము పురుగుల జాతినొకదాన్ని కబుతోముషి, అంటే శిరస్త్రాణపు పురుగు అని పిలుస్తారు. బొటనవేలంత పురుగును దగ్గరగా తీస్తే కొమ్ము కొన స్పష్టంగా ఉంటే వీపు మసకబారుతుంది. అందుకే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పన్నెండు ఫోటోలు తీసి తర్వాత కలిపాను. వీపు ముందుభాగం మీది సొట్ట నిన్నటి ఉక్కు టోపీ నుదుటి వంపును అచ్చుగుద్దినట్టు పోలి ఉంది.

సముద్రం ఒడ్డున మేము వెదికినది శిరస్త్రాణపు గవ్వ. ఈ కుటుంబానికి కాసిడే అనే పేరు, శిరస్త్రాణం అనే అర్థమున్న కాసిస్ అన్న లాటిన్ మాట నుంచే వచ్చింది. పెద్ద జాతుల్లో కొన్నిటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి, ఎవరైనా అమ్మజూపినా కొనకూడదు. మాకు దొరికింది నిమ్మకాయంత చిన్నది, దానిలో అప్పటికే ఒక చిన్న ఎండ్రకాయ కాపురముంది. కాళ్లు బయటపెట్టి నడిచేదాకా బోర్లా పడుకుని ఎదురుచూసి, నాలుగు ఫోటోలు తీసుకుని వదిలేశాము. నల్లగుడ్డ నియమం దాని విషయంలో చెల్లలేదు.

తిరుగుదారిలో తాటితోపు కింద రాలిన పండ్లు ఏరుకున్నాము. పండు నుంచి ఊడివచ్చిన ముచ్చికను బోర్లించి చూస్తే, ఒకదానిమీద ఒకటి కప్పుకున్న గట్టి రేకులతో, రేకుల ఇనుముతో చేసిన టోపీలా ఉంది. నాలుగు రోజుల ఫోటోల్లో నేను మొదట అచ్చు వేయించింది అదే. మొత్తం ఖర్చు, కారు అద్దె కలుపుకుని, ఇద్దరికీ 21,000 దాటలేదు. మళ్లీ వెళితే ఒంగోలు రాత్రిని తీసేసి, పామూరులో రెండు రాత్రులు ఉంటాను. ఇంటికి తెచ్చుకున్న ముచ్చిక మాత్రం వారం తిరిగేసరికి ఎండి, రేకులు విచ్చుకుని, ఏ తలకూ పట్టని ఆకారానికి వచ్చింది.