మ్యాప్ మూసేసినా ఏ ప్రాంతమో చెప్పొచ్చు: జెల్డా 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' గేమ్ రివ్యూ

నింటెండో స్విచ్‌లో ఈ గేమ్ 2017 మార్చిలో వచ్చింది. కథ గురించి, యుద్ధాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. అందుకే హైరూల్ అనే ఈ కల్పిత రాజ్యాన్ని ఒక నిజమైన దేశంలా ఎలా కట్టారన్నదే నాకు ముఖ్యం. ఆ విషయంలో నాకు పిచ్చిగా నచ్చేసింది.

నైరుతి మూలన గెరూడో ఎడారి. పగలు మాడిపోతాం, రాత్రి చలికి వణికిపోతాం. ఇసుక తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుందని క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు అంతగా ఎక్కదు. ఇక్కడ సరైన బట్టలు వేసుకోకపోతే హీరో లింక్ ప్రాణమే తగ్గిపోతూ ఉంటుంది. ఎండకు అక్కడే కాసే పుచ్చకాయలాంటి పండు వండుకు తినాలి, చలికి మిరపకాయలు. గెరూడో పట్నంలోకి మగవాళ్లను రానివ్వరు. ఈటెలు పట్టుకుని కాపలా కాసేదీ ఆడవాళ్లే. వరుణ్ణి వెతుక్కుంటూ అక్కడి అమ్మాయిలే ఊళ్లు దాటి వెళ్తారు, అందుకోసం ఊళ్లో క్లాసులు కూడా నడుస్తాయి.

తూర్పున చేపల్లాంటి మనుషులైన జోరాలది నీళ్ల రాజ్యం. మనం వెళ్లేసరికి ఎడతెగని వాన, కొండ ఎక్కబోతే కాలు జారుతుంది. దారి పొడవునా వాళ్ల చరిత్ర చెక్కిన రాతి ఫలకాలున్నాయి, ఆగి చదవండి. జోరాలు చాలా కాలం బతుకుతారు. అందుకే వందేళ్ల కిందట తమ రాకుమారి మిఫాను పోగొట్టుకున్న కోపం అక్కడి పెద్దల్లో ఇంకా చల్లారలేదు. ఆమె తమ్ముడు సిడాన్ మాత్రం మనల్ని ఎదురొచ్చి ఆదరిస్తాడు. ఒకే ఊళ్లో రెండు తరాల మధ్య తేడాను ఇంత బాగా చూపించడం నేను వేరే గేమ్‌లో చూడలేదు.

ఈశాన్యంలో అగ్నిపర్వతం. అక్కడ చెక్క విల్లు బయటికి తీస్తే భగ్గుమంటుంది. అక్కడుండే గోరాన్లు తినేది రాళ్లు! అయినా వాళ్ల కొట్లో మంచి మసాలా అమ్ముతారు. ఆగ్నేయంలో గడ్డి కోస్తే బియ్యం దొరుకుతాయి, వాయవ్యంలో టబాంథా వైపు గోధుమలు. ఆగ్నేయం బియ్యంలో ఈ మసాలా వేసి వండితే కూర, అన్నం సిద్ధం. ఏ నేలలో ఏ పంట, ఆ పంటకు తగ్గ వంట అని ఇంత ఓపిగ్గా ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలి.

లోపాలు లేకపోలేదు. ఆయుధాలు ఊరికే విరిగిపోతాయి, అది అలవాటవుతుంది. సంభాషణలు తెలుగులో లేవు, చిన్నపిల్లలకు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. నాకు అసలు బాధ వేరే ఉంది. దేశమంతా కలిపి 120 ష్రైన్లు, అంటే లోపల పజిళ్లుండే చిన్న గుళ్లు పెట్టి, లోపల అన్నింటికీ ఒకే నీలిరంగు గోడలు కట్టారు. ఎడారిలో దిగినా మంచుకొండలో దిగినా తేడా తెలియదు. బయట అంత శ్రద్ధ పెట్టినవాళ్లు గుమ్మం దాటగానే వదిలేశారు.

లూరెలిన్ అనే జాలరి పల్లె విషయంలోనూ అన్యాయమే చేశారు. సముద్రం ఉంది, పడవలున్నాయి, కొబ్బరిచెట్ల లాంటి చెట్లున్నాయి. పెద్ద కథ మాత్రం ఆ ఊరి వైపు తొంగి చూడదు. నాలుగు ప్రాంతాలకు నలుగురు వీరుల్ని ఇచ్చారు, తీరానికి ఒక్కరూ లేరు.

5కి 4.5 ఇస్తున్నాను. గుర్రం మీద తొందరపడకుండా కొత్త ప్రాంతంలోకి నడిచి వెళ్లండి.