బేర్డెడ్ డ్రాగన్ 'ఫుల్ సెట్' కొనేముందు ఒక్కసారి ఆగండి

బేర్డెడ్ డ్రాగన్ పిల్ల, అద్దాల ట్యాంకు, "యూవీ" బల్బు, హీట్ రాక్, రంగు ఇసుక, థర్మామీటర్ స్టిక్కరు, నీళ్ల గిన్నె, ఎండు పురుగుల డబ్బా. అన్నీ కలిపి ఒకే రేటు. "ఇంకేం కొనక్కర్లేదు, ప్లగ్ పెడితే చాలు" అని కింద రాసి ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో ఇలాంటి పోస్టులు బాగా తిరుగుతున్నాయి. ఈ సెట్ కొనకండి. అందులో నిజంగా పనికొచ్చేది నీళ్ల గిన్నె ఒక్కటే. ట్యాంకు కొన్నాళ్లకే సరిపోకుండా పోతుంది. మిగతావి డబ్బు దండగతో ఆగితే పోనీలే అనుకోవచ్చు, జంతువు ప్రాణం మీదికి తెచ్చేవి అవే.

ముందు ఈ ప్రాణి సంగతి రెండు ముక్కల్లో. ఇది ఆస్ట్రేలియా నడిమధ్య ఎండు నేలల్లో బతికే తొండ. మన కంచెల మీద తలాడించే తొండదీ దీనిదీ ఒకటే కుటుంబం. పెద్దయ్యాక తోకతో కలిపి 45 నుంచి 60 సెం.మీ. ఉంటుంది. బాగా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. పెద్దదానికి కనీసం 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న గూడు కావాలి. సెట్‌లో ఇచ్చేది 60 సెం.మీ. చేపల ట్యాంకు. అందులో ఒక వైపు వేడిగా, ఇంకో వైపు చల్లగా ఉంచడం కుదిరే పనే కాదు.

అసలు మోసమంతా బల్బులో ఉంది. పెట్టె మీద "యూవీఏ ప్లస్ యూవీబీ" అని ఉంటుంది కానీ ఎంత శాతమో ఉండదు, ఎంత దూరంలో పెట్టాలో ఉండదు, తయారీదారు పేరు కూడా చాలాసార్లు ఉండదు. ఊదారంగు వెలుగు కనిపిస్తే యూవీ వస్తోందనుకుంటాం. ఆ ఊదారంగు బ్లాక్‌లైట్‌ది, అది యూవీఏ. ఈ జంతువుకి కావలసింది 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ. అది ఒంటి మీద పడితేనే చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది. డి3 లేకపోతే మీరు కాల్షియం పొడి ఎంత చల్లినా పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. అప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తీసి వాడుకుంటుంది. ఎదిగే డ్రాగన్ పిల్లల్లో ఇది కొద్ది నెలల్లోనే బయటపడుతుంది: కాలివేళ్లు అదురుతుంటాయి, కింది దవడ నొక్కితే రబ్బరులా వంగుతుంది, పొట్ట నేలకి ఈడుస్తూ నడుస్తుంది, వెన్ను గూనిగా వంగుతుంది. వంగిన ఎముక మళ్లీ తిన్నగా రాదు.

అమ్మేవాళ్లు ఒక కార్డు చూపిస్తారు, బల్బు కింద పెడితే రంగు మారుతుంది. ఆ కార్డు యూవీఏకి కూడా రంగు మారుతుంది కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోవద్దు. నమ్మదగ్గ పరికరం సోలార్‌మీటర్ 6.5. అది యూవీ ఇండెక్సు చూపిస్తుంది. జంతువు ఎండ కాచుకునే చోట, దాని వీపు ఎత్తులో రీడింగు 3 నుంచి 6 మధ్య రావాలి, చల్లటి వైపు దాదాపు సున్నా ఉండాలి. మీటరు ఖరీదైనదే, అందరూ కొననక్కర్లేదు. అమ్మేవాళ్లని మాత్రం మీటరు రీడింగుతో వీడియో అడగండి. ఇన్ని జంతువులు పెంచి అమ్ముతున్నామని చెప్పుకునేవాళ్ల దగ్గర అది లేదంటే అర్థం చేసుకోండి.

కొనవలసింది టి5 హెచ్ఓ ట్యూబు (సన్నటి హై అవుట్‌పుట్ ట్యూబ్‌లైటు), 10 లేదా 12 శాతం యూవీబీది. ఆర్కేడియా, జూమెడ్ లాంటి పేరున్న కంపెనీలవి మన దగ్గరా దొరుకుతున్నాయి. 24 వాట్లది సుమారు 55 సెం.మీ., 39 వాట్లది సుమారు 85 సెం.మీ. ఉంటుంది. 120 సెం.మీ. గూటికి పెద్దదే తీసుకోండి. దీనికి హెచ్ఓ బ్యాలస్ట్ ఉన్న ఫిట్టింగు, వెనక రిఫ్లెక్టరు ఉండాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే టి5 ఎల్ఈడీ పట్టీలో ఇది పనిచేయదు. ట్యూబుకీ వీపుకీ మధ్య అడ్డు లేకపోతే 35 నుంచి 40 సెం.మీ. దూరం, మధ్యలో జాలీ మూత ఉంటే 25 నుంచి 30. జాలీ యూవీబీలో మూడో వంతు నుంచి సగం దాకా మింగేస్తుంది. రోజుకి 10–12 గంటలు టైమరు మీద నడపండి. ఏడాదికి మార్చేయండి. వెలుగు అలాగే కనిపిస్తుంది కానీ యూవీబీ పడిపోయి ఉంటుంది. ట్యూబు చివర మార్కర్‌తో తేదీ రాసి పెట్టుకుంటే మర్చిపోరు.

"కిటికీ పక్కన పెట్టండి, ఎండ తగులుతుంది" అనే సలహా కూడా సెట్‌తో పాటు ఉచితంగా వస్తుంది. అద్దంలోంచి యూవీబీ రాదు. పైగా అద్దాల ట్యాంకుని ఎండలో పెడితే లోపల జంతువు ఉడికిపోతుంది. మనకి ఎండకి కొదవేముంది, పొద్దున పూట బాల్కనీలో జాలీ పంజరంలో, సగం నీడ ఉండేలా 20–30 నిమిషాలు ఉంచితే ఏ ట్యూబూ ఇవ్వనంత మేలు. కాకులూ పిల్లులూ ఉంటాయి కాబట్టి పక్కనే కూర్చోండి.

ఇక హీట్ రాక్. వైరు ఉన్న నల్ల రాయి. దాన్ని ఈరోజే తీసి పారేయండి. ఈ జంతువుకి వేడి పైనుంచి, వెలుగుతో కలిసి రావడం అలవాటు. పొట్ట కింద కాలుతున్నా లేచి పక్కకి పోదు. ఆ రాయి లోపల తీగ ఒకచోట పోగుపడి ఉంటే అక్కడ మాత్రం విపరీతంగా కాలుతుంది. పొట్ట మీద గోధుమరంగు మచ్చ, తర్వాత పుండు. వేడికి పైనుంచి హాలోజన్ బల్బు, డిమ్మరుతో పెట్టండి. గదిని బట్టి 50 నుంచి 75 వాట్లు. రాత్రి పూట ఎర్ర బల్బు వద్దు, ఎరుపు దానికి చక్కగా కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. గది 18 డిగ్రీల కంటే కిందికి పోతేనే రాత్రి వేడి కావాలి, అదీ వెలుగు లేని సెరామిక్ హీటరు, థర్మోస్టాట్‌తో. మన ఊళ్లలో దాని అవసరం ఏడాదిలో కొద్ది రాత్రులే.

ఎంత వేడి ఉండాలంటే, కాచుకునే రాయి లేదా కొమ్మ పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి వైపు గాలి 24 నుంచి 28. అద్దానికి అతికించిన స్టిక్కరు కొలిచేది అద్దం వేడిని. అది 32 చూపిస్తున్నప్పుడు బల్బు కింద రాయి 50 దాటి ఉండొచ్చు. ఇన్‌ఫ్రారెడ్ గన్ను కొనండి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఉంది కదా అనుకోకండి, అది ఒంటి జ్వరం చూసే మోడ్‌లో 43 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఫ్యాక్టరీల్లో, ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండే రకం కావాలి.

ఎడారి జంతువు కదా, మన ఎండలు దానికి ఓ లెక్కా అంటారు. ఎడారిలో దానికి మధ్యాహ్నం దూరడానికి బొరియ ఉంటుంది, ట్యాంకులో ఉండదు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గది 38కి చేరితే, లోపల 75 వాట్ల బల్బు వెలుగుతుంటే, పారిపోవడానికి చల్లటి మూల ఎక్కడుంది? కాచుకునే చోట కాసేపు నోరు తెరవడం మామూలే. చల్లటి వైపు కూర్చుని కూడా నోరు మూయకపోతే బల్బు ఆపండి, గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. వేసవికి 35 వాట్ల బల్బు విడిగా ఉంచుకోండి. కోస్తాలో ఇంకో చిక్కు, తేమ. దీనికి 30–40 శాతం చాలు. విశాఖలో, కాకినాడలో గాలి తేమ దానికి రెట్టింపు. నాలుగు వైపులా అద్దమే ఉన్న ట్యాంకు కాకుండా పక్కలకి జాలీ ఉన్న గూడు చేయించుకోండి, లేకపోతే ఊపిరితిత్తుల జబ్బులు పట్టుకుంటాయి.

రంగు ఇసుక "కాల్షియం శాండ్, తిన్నా కరుగుతుంది" అంటారు. తడి తగిలితే గడ్డకడుతుంది, పేగులోనూ అంతే. కాల్షియం తక్కువైన పిల్ల దాన్ని కావాలని నాకుతుంది కూడా. రెట్ట ఆగిపోయి వెనక కాళ్లు ఈడుస్తుంటే ఆలస్యం చేయకండి. పిల్లలకి టిష్యూ పేపరు, కాస్త పెద్దయ్యాక గరుకు టైల్సు. దీనికి మించి ఖర్చు పెట్టాల్సింది లేదు.

ఎండు పురుగుల డబ్బాలో నీరుండదు. చాలా బేర్డెడ్ డ్రాగన్లు గిన్నెలో నీళ్లు తాగవు, తిండిలోంచే తీసుకుంటాయి. పిల్లలకి మూడు వంతులు బతికున్న పురుగులు, ఒక వంతు ఆకులు. పెద్దయ్యాక ఈ లెక్క తిరగబడుతుంది. క్రికెట్లు అనే కీచురాళ్లు, డూబియా బొద్దింకలు బాగుంటాయి. వంటింటి బొద్దింకలు మాత్రం వద్దు, ఏ మందు తిని వచ్చాయో తెలియదు. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. పిల్లలకి వారంలో ఐదు రోజులు ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి, ఒకటి రెండు రోజులు మల్టీవిటమిన్.

ఆకుకూరల దగ్గర మనవాళ్లు చేసేది పాలకూర పెట్టడం. పాలకూర, చుక్కకూర, బచ్చలి, తోటకూర, గోంగూర: అన్నిటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ, ఉన్న కాల్షియంని కట్టిపడేస్తాయి. రోజూ పెట్టేవి కావు. మునగాకు, ఆవాకు, ముల్లంగి ఆకు, మందార పువ్వులూ ఆకులూ, గుమ్మడికాయ తురుము, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట ఇవ్వొచ్చు. అవకాడో, ఉల్లి, వెల్లుల్లి దరిదాపులకి రానీయకండి. అమెరికాలో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట: వేసవి సాయంత్రాలు పెరట్లో మిణుగురులు తిరుగుతాయి. వాటిలో విషం ఉంది, ఒక్కటి తిన్నా బేర్డెడ్ డ్రాగన్ చచ్చిపోతుంది. ఇంట్లో పిల్లలు సరదాకి పట్టి తెచ్చి వేస్తారు, ముందే చెప్పి ఉంచండి. అక్కడే 2012–14లో సాల్మొనెల్లా కోథమ్ అనే బ్యాక్టీరియా ఈ పెంపుడు జంతువుల నుంచి మనుషులకి పాకింది. చేతులు సబ్బుతో కడగాలి, గిన్నెలు వంటగది సింకులో తోమొద్దు, ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

"జంట తీసుకుంటే తగ్గింపు" అంటే వద్దనండి. ఒకదాని మీద ఒకటి పడుకుంటే ప్రేమ కాదు, పైది కిందదాన్ని లైటుకి అందకుండా చేస్తోంది. వేళ్లు తెగినవి, తోక చివర పోయినవి ఇలా ఇరుకులో పెరిగినవే. పొలుసుల్లేని నున్నటి సిల్క్‌బ్యాక్‌కి ఎక్కువ రేటు చెప్తారు. దాని చర్మం చిరుగుతుంది, ఎండుతుంది, లైటుకి కాలుతుంది. మొదటిసారి పెంచేవాళ్లకి అస్సలు వద్దు. 15 సెం.మీ. లోపు పిల్లని కొనకండి. బస్సు పార్శిల్లో తెప్పించుకోకండి. వెళ్లి చూడండి: కళ్లు పూర్తిగా తెరిచి ఉండాలి, తోక మొదలు నిండుగా ఉండాలి, నడిచేటప్పుడు ఒళ్లు నేల మీంచి లేవాలి, మలద్వారం శుభ్రంగా ఉండాలి, మీ ముందే పురుగు తినాలి. చర్మం మీద పసుపు పెచ్చులు కనిపిస్తే ఆ షాపులో మరే జంతువునీ ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి, అది అంటుకునే ఫంగస్ కావొచ్చు.

చవగ్గా "దేశీ ఎడారి బల్లి" అని ముళ్ల తోక ఉన్నది చూపిస్తే అది సాండా. రాజస్థాన్, గుజరాత్ ఎండు నేలల్లో పట్టి తెచ్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని కొన్నా, ఉంచుకున్నా నేరమే. ఉడుముకీ ఇదే వర్తిస్తుంది. ఇక్కడ బేరం మాట అటుంచి ఫారెస్టు వాళ్లకి చెప్పండి.

సెట్ ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే ఇసుక, హీట్ రాక్ ఈ పూటే తీసేసి టిష్యూ పేపరు పరచండి. హాలోజన్ బల్బు రేపటిలోగా, యూవీబీ ట్యూబు ఈ వారంలోగా. ట్యూబు వచ్చేదాకా పొద్దుటి ఎండ. వేళ్లు అదురుతుంటే డి3 చుక్కలు అంచనాగా పోయకండి, ఎక్కువైతే మూత్రపిండాలు పోతాయి. అన్ని పెట్ క్లినిక్‌లూ సరీసృపాలని చూడవు కాబట్టి ముందు ఫోన్ చేసి అడగండి. వెళ్లేటప్పుడు ఆరోజు రెట్ట జిప్ కవరులో పెట్టి తీసుకెళ్లండి, కాక్సిడియా, పిన్‌వర్మ్ అనే పేగు పరాన్నజీవుల పరీక్ష చేయమనండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచొచ్చు, ఫ్రీజరులో కాదు. గూటి ఫొటో, బల్బు పెట్టె ఫొటో కూడా ఫోన్‌లో ఉంచుకోండి. డాక్టరు మొదట అడిగేది అవే.