చిన్న కథ, చిన్న బడ్జెట్: పెంచి తీయడం మేలా, ఉన్నంతే తీయడం మేలా?

మంచి కథ పది పన్నెండు పేజీలు ఉంటుంది, థియేటర్‌కేమో రెండు గంటల బొమ్మ కావాలి. తక్కువ డబ్బుతో సాహిత్య కథను తెరకెక్కించాలనుకునే వాళ్ళకు మొదట తగిలే చిక్కు ఇదే. పెంచితే కథ పలచబడుతుందేమోనని భయం, పెంచకపోతే ఎక్కడ ఆడించాలో తెలియదు. ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథలంత వీలైనవి ఇంకెక్కడా దొరకవు. ‘కఫన్’ (శవం మీద కప్పే గుడ్డ) కథను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’గా, అదీ తెలుగులో, దాదాపు రెండు గంటల సినిమాగా తీశారు. ‘సద్గతి’ని సత్యజిత్ రే 1981లో దూరదర్శన్ కోసం హిందీలో గంటలోపు ముగించారు. రెంటిలోనూ భారీ సెట్టింగులు లేవు, డ్యూయెట్లు లేవు. చూసినవాళ్ళు తక్కువే గానీ, చూసినవాళ్ళు మాత్రం వాటిని ఇంకొకరికి చూపించకుండా ఉండలేరు.

‘కఫన్’ కథ గుడిసె గుమ్మం దగ్గర మొదలవుతుంది. లోపల బుధియా పురిటి నొప్పులతో గింజుకుంటోంది. బయట ఆమె మామ ఘీసూ, మొగుడు మాధవ్ మంట పక్కన కూర్చుని కాల్చిన బంగాళాదుంపలు తింటున్నారు. లోపలికి వెళ్ళి చూడమంటే ఇద్దరూ కదలరు. మాధవ్ భయమల్లా ఒకటే: తాను లేస్తే ఆ కాసేపట్లో తండ్రి ఎక్కువ దుంపలు తినేస్తాడు. తెల్లారేసరికి ఆమె చచ్చిపోతుంది. ఊళ్ళో అడుక్కుంటే శవానికి కప్పే గుడ్డ కోసం ఐదు రూపాయలు పోగవుతాయి, వాటితో ఇద్దరూ సారా తాగుతారు. కథ అంతే. బుధియా మూలుగు మాత్రమే వింటాం, మనిషి కనిపించదు.

సేన్ ఆ గుడిసె తలుపు తీశారు. కథ మొదలవడానికి ముందు జరిగిందంతా చాలావరకు ఆయన కల్పించుకున్నదే. ఘీసూ తెలుగులో వెంకయ్య అయ్యాడు. కష్టపడితే దొర బొజ్జ పెరుగుతుంది తప్ప మనకేమీ రాదన్నది అతని సిద్ధాంతం. కొడుకు నీలమ్మను (కథలో బుధియా) పెళ్ళి చేసుకుని ఇంటికి తెస్తాడు. ఆమె పనికి పోతుంది, ఇంటిని ఓ దారిలో పెట్టాలని చూస్తుంది. వెంకయ్యగా చేసిన వాసుదేవరావు కన్నడ నటుడు, నీలమ్మగా చేసిన మమతా శంకర్ బెంగాలీ అమ్మాయి, దర్శకుడికి తెలుగే రాదు. అయినా ఆ ఇల్లు మనకు తెలిసిన ఇల్లులాగే ఉంటుంది.

ఇక్కడ పోయిందేమిటో కూడా చెప్పాలి. కథలో ఆ తండ్రీకొడుకుల మీద కోపం రావాలో, జాలి పడాలో, నవ్వాలో తేల్చుకోలేక ఇరుక్కుపోతాం. బుధియా ఎవరో మనకూ తెలియకపోవడం వల్లే ఆ ఇరుకు. అంటే మనమూ వాళ్ళతో పాటు మంట పక్కనే కూర్చున్నట్టు లెక్క. సినిమాలో నీలమ్మ పరిచయమయ్యాక ఆ వీలు ఉండదు. ఆమె పక్షాన నిలబడతాం, మన మనసు కొంచెం శుభ్రంగా ఉంటుంది. ప్రేమ్‌చంద్ మనకు ఆ శుభ్రం దక్కనివ్వలేదు. బదులుగా సేన్ ఇచ్చింది చిన్నదేమీ కాదు. వెంకయ్య వాదం వినడానికి బాగుంటుంది, సగం నిజం కూడా. ఆ వాదానికి ఎదురుగా పని చేసే మనిషిని ఒకరిని నిలబెట్టేసరికి అదెంత క్రూరమో బయటపడుతుంది. పేజీ మీద రెండు పేరాల్లో ముగిసిన మాట ఇక్కడ ఇంటి పోరు అయింది. రెండు గంటలకు సరిపడా సరుకు అలా దొరికింది.

‘సద్గతి’లో రే ఇలాంటి పనేమీ పెట్టుకోలేదు. కూతురి సంబంధానికి ముహూర్తం పెట్టించుకోవడానికి అంటరానివాడిగా చూడబడే దుఃఖీ బ్రాహ్మడి ఇంటికి వెళ్తాడు. ఆయన వాకిలి ఊడ్వమంటాడు, ఊక మోయమంటాడు, చివరికి ఒక మొండి మొద్దు చూపించి చీల్చమంటాడు. దుఃఖీగా చేసిన ఓం పురి గొడ్డలి దెబ్బ వేస్తాడు, మొద్దు పగలదు. మళ్ళీ వేస్తాడు. సినిమాలో పెద్ద భాగం ఇదే. ఆకలితో ఉన్న మనిషి, కొయ్య, ఎండ. అతను అక్కడే పడి చచ్చిపోతే ముట్టుకునే దిక్కు ఉండదు. ప్రేమ్‌చంద్ బ్రాహ్మడు శవం కాలికి తాడు ఉచ్చు వేసి లాగుతాడని రాశారు. రే ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగారు. బ్రాహ్మడిగా చేసిన మోహన్ అగాషే కర్రతో శవం కాలు పైకి లేపి, చెయ్యి తగలకుండా ఉచ్చు దూరుస్తాడు. కథకు కలిపింది ఆ కర్ర. పైసా ఖర్చు లేదు.

పెంచడం రేకి చేతకాక కాదు. అంతకు ముందే, 1977లో, ప్రేమ్‌చంద్ చదరంగం కథ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ని పెద్ద తారలతో, లక్నో నవాబు కొలువుతో సహా ఎంతో పెంచి తీశారు. కథలో కత్తులు దూసుకుని చచ్చిపోయే ఇద్దరు ఆటగాళ్ళూ అందులో బతికి ఆట కొనసాగిస్తారు. మొద్దు కథకు మాత్రం ఆ పెంపకం పనికిరాదని ఆయనకు తెలుసు. దానికి పూర్వకథ అల్లితే గొడ్డలి దెబ్బలు తగ్గించాల్సి వస్తుంది.

మూడో దారి ఒకటుంది, హిందీ దర్శకుడు మణి కౌల్ 1973లో ‘దువిధా’కు పట్టింది. మొగుడు ఊళ్ళో లేనప్పుడు అతని రూపంలో కొత్త పెళ్ళికూతురి దగ్గరికి చేరిన దెయ్యం గురించి రాజస్థానీ కథకుడు విజయదాన్ దేథా చెప్పిన కథను గొంతుతో చెప్పిస్తూ, కదలని బొమ్మలు మధ్యమధ్య నిలుపుతూ తీశారు. చాలా చవక, చాలా అందం, కానీ అలవాటు లేనివాళ్ళు పావుగంటకే లేచిపోతారు. అదే కథ 2005లో షారుఖ్ ఖాన్‌తో ‘పహేలీ’ అయినప్పుడు దెయ్యం చివర్లో మొగుడి ఒంట్లోనే దూరి ఆమెకు దక్కింది. కౌల్ సినిమాలో ఆమెకు అసలు మొగుడే మిగులుతాడు. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఇలాంటి ముగింపులే కావాలి మరి!

ఇప్పుడు తీసేవాళ్ళకు నా ఓటు రే దారికే. అప్పట్లో యాభై నిమిషాల సినిమాకు దూరదర్శన్ తప్ప చోటు లేదు, ఇప్పుడు ఓటీటీలో నిడివి గురించి ఎవరూ పట్టుబట్టరు. రెండు గంటలు నింపాలన్న టెన్షన్‌తో కలిపిన సీన్లు చూస్తే తెలిసిపోతాయి: ఒక ఫ్లాష్‌బ్యాక్, ఒక స్నేహితుడు, వానలో ఒక పాట. సేన్ దారి పట్టాలంటే ఆయనకున్నట్టు ఒక ప్రశ్న ఉండాలి. కథ మనకు చూపించని మనిషి ఎవరు, ఆమె వస్తే ఏం మారుతుంది? దానికి జవాబు లేకపోతే పెంచకపోవడమే నయం.

మన తెలుగు కథకుడు చాసో రాసిన ‘వాయులీనం’ తీసుకోండి. భార్య జబ్బు నయం చేయించడానికి భర్త ఆమె వయొలినే అమ్మేస్తాడు, మిగిలిన డబ్బుతో ఆమెకే చీర కొంటాడు. ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక వాయిద్యం, నలభై నిమిషాలు. దీన్ని పెంచబోయేవాళ్ళు మొట్టమొదట రాసుకునేది ఆమె పెళ్ళికి ముందు కచేరీ చేసే సీనే అయి ఉంటుంది. ఆ సీను తీసిన రోజే కథ చెడుతుంది, ఎందుకంటే ఆమె ఎంత బాగా వాయించేదో మనం వినేస్తాం.