మారుమనస్సు మీద ఆరు ఆడియో పాఠాలు: అన్నీ విన్నాక నా మాట

మారుమనస్సు గురించి పాఠాలంటే మళ్ళీ ఏడుపు, భయం, నరకం ఇవే ఉంటాయనుకుని నెలరోజులు ఫోన్లో అలాగే ఉంచేశాను. మొదలుపెట్టాక రెండో పాఠం దగ్గర ఆగిపోయి దాన్నే మూడుసార్లు విన్నాను.

అది యూదా, పేతురుల గురించి. ఇద్దరూ యేసు శిష్యులే, ఇద్దరూ ఒకే రాత్రి ఆయన విషయంలో తప్పారు: యూదా ముప్పై వెండి నాణేలకు ఆయన్ని పట్టించాడు, పేతురు ఆయనెవరో తెలియదన్నాడు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా ఆ నాణేలు తిరిగి తెచ్చాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. మత్తయి 27లో అతని గురించి మన తెలుగు బైబిల్లో ఉన్న మాట ‘పశ్చాత్తాపపడి’. యేసు ప్రకటించినదానికి మాత్రం ‘మారుమనస్సు’ అని ఉంటుంది. గ్రీకులోనూ అవి వేర్వేరు మాటలే, ఒకటి చేసినదానికి బాధపడటం, రెండోది మెటానోయా, అంటే ఆలోచనే మారిపోవడం. హీబ్రూలో షూవ్ అనే మాట ఇంకా సూటిగా ఉంటుంది, వెనక్కి తిరగడం. ఇన్నేళ్లు చదివినా ఈ తేడా నాకు తట్టనే లేదు.

అయితే ఇక్కడ బోధకుడు కొంచెం తొందరపడ్డారు. మత్తయి 21లో ఇద్దరు కుమారుల ఉపమానంలో అదే మొదటి మాట మంచి అర్థంలోనే వస్తుంది, కాబట్టి మాట ఒక్కదాని మీదే తేడా నిలబడదు. నాకు అర్థమైనంతవరకు అసలు తేడా ఎవరి దగ్గరికి వెళ్లారన్నదే. యూదా తన బాధ పట్టుకుని యాజకుల దగ్గరికి వెళ్తే ‘మాకేంటి, నువ్వే చూసుకో’ అన్నారు. పేతురు మాత్రం, తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున ఉన్నాడని తెలియగానే పడవ ఒడ్డుకు చేరేదాకా కూడా ఆగకుండా నీళ్లలో దూకేశాడు.

నేను మా అన్నయ్యను అన్న మాటల గురించి రెండేళ్లు దేవుడి దగ్గర ఏడ్చాను. అన్నయ్యకు ఒక్క ఫోన్ చేయలేదు. ఏడుస్తున్నాను కదా, అదే చాలనుకున్నాను. ఆ పాఠం మూడోసారి విన్న రోజు చేశాను.

అందుకే ఐదో పాఠం మీద నాకు కోపం వచ్చింది. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ తీసుకుని, యేసును చూడటానికి అతను చెట్టెక్కడం గురించి అంతసేపు చెప్పి, సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్న మాట దగ్గర రెండు వాక్యాలతో దాటేశారు. రక్షణ మన క్రియలతో కొనుక్కునేది కాదు, నిజమే, కానీ ‘మారుమనస్సుకు తగిన ఫలాలు’ అని బాప్తిస్మమిచ్చు యోహాను ఊరికే అనలేదు కదా. రెండంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలని, సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయకూడదని ఎవరికి వాళ్లకు విడదీసి చెప్పాడు.

ఆరోది ఇంకా నిరాశ. ఒక ప్రార్థన చెప్పించి, ఇక అయిపోయింది అన్నట్టు ముగించారు. నాలుగో పాఠంలో వాళ్లే 1517లో జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిది చెప్పారు, విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలని. ఆ మాటకూ ఈ ముగింపుకూ పొంతన లేదు. యాజకుడి ముందు పాపాలు ఒప్పుకునే కథోలిక పద్ధతి గురించి ఒక్క ముక్క కూడా లేదు, ఆ సంఘాల్లో పెరిగినవాళ్లకు ఇది లోటుగానే అనిపిస్తుంది.

వెనక సంగీతం తక్కువే, మాట స్పష్టంగా ఉంది. చేసిన తప్పు తలుచుకుని రాత్రుళ్లు నిద్రపట్టని వాళ్లు మొదటి పాఠాన్ని తర్వాతెప్పుడైనా విన్నా ఫర్వాలేదు, రెండోదానితో మొదలుపెట్టండి.